జబ్బ మీద షుగరు బిళ్ల: పద్నాలుగు రోజులు వాడాక

షుగరెంతుందో రాత్రింబవళ్లు ఫోన్లో చూపే బిళ్ల ఒకటి జబ్బకు అంటించుకుని పద్నాలుగు రోజులు వాడాను. ముందు సంగటి సంగతి చెప్పేస్తాను. ఇంట్లో గొడవంతా దానితోనే మొదలైంది.

నాకు షుగరొచ్చి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో కర్నూల్లో ఎదురుపడ్డ ప్రతి మనిషీ చెప్పిన మాట ఒకటే: "అన్నం మానేసి సంగటి తిను మేడం, షుగరు దెబ్బకు దిగొస్తాది." మా అత్తగారు బతికున్నన్నాళ్లూ అదే పాట. సి క్యాంపు రైతుబజారులో ఆకుకూరలమ్మే ఆమెదీ అదే. ఆఖరికి ఆటో అబ్బాయి కూడా. నేనూ నమ్మి రాత్రిపూట అన్నం మానేశాను. అయినా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 7.4 దగ్గర మొండికేసి కూర్చుంది.

బిళ్ల అంటించుకున్న మూడో రాత్రి. బియ్యం మెత్తగా ఉడికించి, పైన రాగిపిండి పోసి మగ్గనిచ్చి, తెడ్డుతో గెలికి, తడి చేత్తో రెండు ముద్దలు చేసుకున్నా. పక్కన చింతాకు పప్పు. తినబోయే ముందు ఫోన్లో 121. గంటా ఇరవై నిమిషాలకు 226. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశా. వేలు పొడుచుకుని మామూలు మీటరుతోనూ చూశా, 219. మర్నాడు రాత్రి అదే పప్పుతో రెండు జొన్నరొట్టెలు, కాస్త బుడ్డల పొడి: 171 దాటలేదు.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. మెత్తగా మరపట్టిన పిండిని, మెత్తగా ఉడికిన బియ్యంతో కలిపి మళ్లీ ఉడికిస్తే, అందులోని పిండిపదార్థం నోట్లో పడకముందే సగం జీర్ణమైనట్టు లెక్క. రాగుల్లో కాల్షియం ఉంది, పీచు ఉంది, కాదనను. కానీ ముద్దలో బియ్యం వాటా ఎంత, పిండి ఎంత మెత్తన, పక్కన ఏం తిన్నాం అన్నది ఎవరూ చెప్పరు. ఇవి నా ఒంటి అంకెలు, మీ ఒంట్లో వేరేగా ఉండొచ్చు. తొమ్మిదేళ్లు నేను నమ్మింది మాత్రం తప్పని తేలింది.

ఇక వస్తువు గురించి. పది రూపాయల బిళ్లకంటే కాస్త పెద్దది, తెల్లది. జబ్బ వెనకవైపు అంటించుకోవాలి. మావాడు బెంగుళూరు నుంచి రెండింటి పెట్టె పంపాడు. ఒక్కోటి ఐదు వేలకు కాస్త తక్కువ పడిందట. పెట్టెలో స్టాంపు ముద్ర లాంటి పరికరం ఉంటుంది, జబ్బకు ఆనించి నొక్కితే టక్‌మని అంటుకుంటుంది. లోపలి సూది వెంటనే వెనక్కొచ్చేస్తుంది, చర్మం కింద వెంట్రుకలాంటి మెత్తటి తీగ మాత్రం మిగులుతుంది. దోమ కుట్టినంత నొప్పి కూడా లేదు. గంటసేపు కూర్చోబెట్టి ఆ తర్వాత అంకెలు మొదలుపెడుతుంది. మొదటి రోజు అంకెల్ని పెద్దగా పట్టించుకోకండి, తీగ అక్కడ కుదురుకోవడానికి టైము పడుతుంది. స్నానానికి ఇబ్బంది లేదు. జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టించుకునే వాళ్లకు మాత్రం ఇబ్బందే. రెండుసార్లు అంచు లేచింది, ప్లాస్టరు వేశాను.

పెట్టె మీద రాయని ముఖ్యమైన విషయం ఒకటుంది. ఇది రక్తాన్ని చూడదు, కణాల మధ్య ఊరే నీటిని చూస్తుంది. ఆ తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పూత ఉంటుంది. గ్లూకోజు దానికి తగిలినప్పుడు పుట్టే చిన్న కరెంటును కొలిచి అంకెగా మారుస్తుంది. రక్తంలో షుగరు పెరిగాక ఆ నీటిలో పెరగడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే భోజనమయ్యాక మీటరుకూ దీనికీ పొంతన కుదరక కొందరు "మోసం" అని ఒకే ఒక్క స్టారు ఇస్తున్నారు. మోసం కాదు. రైలు వెళ్లిపోయాక గేటు దగ్గర నిలబడి ఇంకా రాలేదంటే ఎలా?

మోసమనిపించింది అయిదో రాత్రి. రెండూ నలభైకి ఫోను కెవ్వుమంది. 58. మా ఆయన లేచి చక్కెర డబ్బా కోసం వంటింట్లోకి పరిగెత్తారు. నాకు చెమటా లేదు, వణుకూ లేదు. వేలు పొడిస్తే 117. సంగతేమిటంటే నేను ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా. ఒత్తిడికి అక్కడి నీరు పక్కకు పోయి, తీగకు గ్లూకోజు అందలేదు. ఎడమవైపు తిరిగి పడుకునే వాళ్లు కుడి జబ్బకు పెట్టుకోండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు మాత్రం ఈ అలారం చాలా అవసరం, నా మాట విని నోరు నొక్కేయకండి. వేలు పొడిచి సరిచూసుకుని నిర్ణయించుకోండి.

ఇప్పుడు నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. ప్రతి ఏడాదీ బోర్డు మీద తాళం బొమ్మ వేసి "కణం తాళం, ఇన్సులిన్ తాళంచెవి, తీస్తే గ్లూకోజు లోపలికి పోతుంది" అని చెప్పాను. మార్కులకు సరిపోయింది. నా జబ్బుకు సరిపోలేదు.

ఇన్సులిన్ తలుపు తీయదు. గడప బయట నిలబడి గంట కొడుతుంది, అంతే. పెళ్లింట్లో "మగపెళ్లివారొచ్చారు" అని పందిరి దగ్గర ఒకరు కేకేస్తారు, ఆ కేక నడవలోంచి వరండాలోకి, వరండాలోంచి వంటశాలకు చేరితే గానీ విస్తళ్లు బయటికి రావు. అలాగే కణం బయట ఇన్సులిన్ అంటుకోగానే, దాన్ని పట్టుకునే గ్రాహకం అనే ప్రొటీన్ తన లోపలి కొసకు ఫాస్ఫేటు తగిలించుకుంటుంది. దాన్ని ఐఆర్‌ఎస్ అనే ప్రొటీన్ అందుకుంటుంది, దాని నుంచి పీఐ3 కైనేజ్, అక్కడి నుంచి ఆక్ట్, ఇవన్నీ కేకను చేతులు మార్చే ప్రొటీన్లే. ఆక్ట్ మాట మీద కణం లోపల సంచుల్లో దాచి ఉంచిన గ్లూట్-4 అనే ద్వారాలు పైకొచ్చి పొరలో అమరుతాయి. అప్పుడుగానీ గ్లూకోజు కండరంలోకి పోదు. ఫాస్ఫేటు తగిలించడం, ఊడదీయడం అనే ఈ చిన్న పనితో ఒళ్లంతా మాట్లాడుకుంటుందని చూపినందుకే ఎడ్మండ్ ఫిషర్‌, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ ఇచ్చారు.

టైప్-2లో గంట కొట్టేవాడు లేక కాదు. కేక మధ్యలో చచ్చిపోతుంది. కండరంలో, కాలేయంలో చేరకూడని చోట కొవ్వు చేరి, ఐఆర్‌ఎస్ దగ్గరే మాటను తారుమారు చేస్తుంది. వంటశాల నుంచి బదులు రాకపోతే పందిరి దగ్గరున్నవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా అరుస్తాడు. క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఏళ్ల తరబడి అరిచి అరిచి గొంతు పోయాక షుగరు పెరుగుతుంది, అప్పుడు మనకు రిపోర్టులో తెలుస్తుంది.

ఈ బిళ్లలో అసలు లోపం ఇక్కడే ఉంది, దీన్ని ఏ అప్‌డేటూ సరిచేయలేదు. ఇది విస్తళ్లు లెక్కపెడుతుంది, కేక ఎంత గట్టిగా పడుతోందో వినదు. ఇద్దరికి భోజనం తర్వాత 130 వచ్చిందనుకోండి. ఒకరు మామూలు ఇన్సులిన్‌తో అక్కడికి చేరి ఉండొచ్చు, రెండోవారు దానికి మూడు రెట్లు ఖర్చుపెట్టి ఉండొచ్చు. యాప్ ఇద్దరికీ పచ్చరంగే చూపిస్తుంది.

ఉపయోగపడ్డది ఏమిటంటే, నడక. ఎనిమిదో రోజు పొద్దున రాజ్‌విహార్ వైపు పనిమీద వెళ్లి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. (తెలిసే తిన్నాను. బొరుగులు తేలిగ్గా ఉంటాయి గనక షుగరుకు మంచివని అనేవాళ్లకు చూపిద్దామని.) నలభై నిమిషాలకు 204, ఇంకా ఎక్కుతోంది. ఆటో ఎక్కకుండా కొండారెడ్డి బురుజు వైపు చుట్టు తిరిగి, ఎండలో పాతిక నిమిషాలు నడిచాను. గీత వంగింది, ఇంటికొచ్చేసరికి 163. మరో రోజు అదే ఉగ్గాని, అదే బజ్జీలు ఇంట్లో తిని పేపరు చదువుతూ కూర్చుంటే 231.

నడిస్తే ఎందుకు దిగింది? కండరానికి దొడ్డిదారి ఒకటుంది. పని చేస్తున్న కండరంలో కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చయి, దాని ఖర్చైపోయిన రూపం ఏఎంపీ పోగవుతుంది. ఆ రెంటి నిష్పత్తిని కాచుకుని కూర్చునే ప్రొటీన్ ఏఎంపీకే. జీతం అయిపోవచ్చిందని పసిగట్టిన ఇల్లాలి లాంటిది. కొత్త ఖర్చులు ఆపుతుంది, దాచినవి బయటికి తీస్తుంది. కండరం ముడుచుకున్నప్పుడు విడుదలయ్యే కాల్షియమూ ఇదీ కలిసి ఇన్సులిన్ కేకతో పనిలేకుండానే గ్లూట్-4ను పైకి రప్పిస్తాయి. ముందు గుమ్మం బిగుసుకుపోయిన నాలాంటివాళ్లకు కూడా ఈ దొడ్డి తలుపు తెరుచుకుంటుంది. ఏటీపీ కండరంలో ఉందని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. సుబ్బారావు పేరు చెప్పకుండా ఏటీపీ పాఠం నేనెప్పుడూ దాటలేదు. అది మాత్రం సరిగ్గానే చెప్పాను.

నేను వేసుకునే మెట్‌ఫార్మిన్ కూడా ఈ తోవలోదే. యూరపులో పెరిగే గలీగా అనే మొక్కలోని పదార్థానికి దగ్గరి చుట్టం. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ మొదటగా షుగరుకు వాడి చూపాడు. కణంలో ఇంధనం మండే చోట కాస్త పొయ్యి తగ్గిస్తుంది, దాంతో ఏఎంపీకే మేలుకుంటుంది, కాలేయం చక్కెర వండటం తగ్గిస్తుంది. దాని పని అంతా ఇంతేనా అన్నదాని మీద శాస్త్రజ్ఞులు ఇంకా కొట్లాడుకుంటున్నారు. నాకు కడుపు ఉబ్బరం తప్ప దాని మీద ఫిర్యాదు లేదు.

తొలి ఏకాదశి ఈ పద్నాలుగు రోజుల్లోనే పడింది. డాక్టరుగారినడిగే ఉపవాసమున్నాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగరు మరీ పడిపోవడం అరుదు. ముందురోజు రాత్రి ఏడింటికి చివరి ముద్ద. రాత్రంతా 115 ప్రాంతంలో గీత పడుకునే ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచింది. నేను నిద్రలో ఉన్నాను, నోట్లో మెతుకు పడలేదు, ఆరున్నరకు 147. మా ఆయన ఫోను చూసి "రాత్రి లేచి ఏమన్నా తిన్నావా?" అన్నారు. ముప్పై ఆరేళ్ల కాపురంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

తిన్నది నేను కాదు, వండింది నా కాలేయం. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరుగుతాయి, ఒంటిని లేపడానికి. గ్లూకగాన్ అనే ఇంకో హార్మోను కాలేయం గుమ్మంలో ఇంకో గంట కొడుతుంది. దాని కేకను లోపలికి మోసేది సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు. దాన్ని కనిపెట్టినందుకే ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న గ్లూకోజు కరుగుతుంది, కొత్త గ్లూకోజు తయారవుతుంది. మామూలు మనిషిలో ఇన్సులిన్ దీనికి కళ్లెం వేస్తుంది. ఎలాగంటే, ఆక్ట్ వెళ్లి ఫాక్సో అనే ప్రొటీన్‌ను కేంద్రకంలోంచి బయటికి గెంటుతుంది. ఫాక్సో లోపల ఉన్నంతసేపూ చక్కెర తయారీ జన్యువులు నడుస్తూనే ఉంటాయి. నా కాలేయంలో ఆ గెంటుడు సరిగ్గా జరగదు. విచిత్రం, అదే కాలేయం అదే ఇన్సులిన్ మాట విని కొవ్వు తయారీ మాత్రం చక్కగా కొనసాగిస్తుంది. చెడ్డ కొడుకు ఆస్తి పంపకాల రోజున మాత్రమే అమ్మ మాట విన్నట్టు.

సాయంత్రం నాలుగింటికి 98. ఏడాది మొత్తంలో ఆ అంకె చూసి ఎరగను.

బిళ్లతోపాటు పద్నాలుగు రోజుల "కోచ్" సేవ కూడా ఉచితమన్నారు. అదే ఈ కొనుగోలు మొత్తంలో పరమ చెత్త. పదో రోజు ఒకమ్మాయి ఫోను చేసింది. చాలా మర్యాదస్తురాలు, ఆ అమ్మాయి తప్పేం లేదు, ముందున్న కాగితం చదువుతోంది. "మేడం, మీ గ్రాఫు చదునుగా ఉంటే మీ వయసు కూడా నెమ్మదిస్తుంది. ఎంటార్ ఆఫ్ చేసుకోవాలి, ఏఎంపీకే ఆన్ చేసుకోవాలి. పప్పు, గుడ్డు తగ్గించండి. మా లాంజివిటీ క్యాప్సూల్స్ నెలకు రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది."

"అమ్మా, నా వయసెంతో నీ ముందున్న కాగితంలో ఉందా?" అన్నాను. ఉంది, అరవై ఒకటి. అరవై ఒక్కేళ్ల ఆడమనిషికి పప్పూ గుడ్డూ తగ్గించమని చెప్పడమేమిటో నాకు అర్థం కాలేదు. ఎంటార్ అంటే కణంలో ఉండే ఒక ప్రొటీన్. తినే తిండి, ముఖ్యంగా ప్రొటీన్లలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, పైనుంచి ఇన్సులిన్ కేక, ఈ రెండూ ఉన్నాయా అని చూసుకుని "ఇల్లు కట్టండి" అని చెప్పే మేస్త్రీ. కండ పెరగాలంటే ఆ మేస్త్రీ పనిలో ఉండాలి. ఈ వయసులో కండ కరిగితే, భోజనం తర్వాత గ్లూకోజుకు వెళ్లడానికి చోటేది?

ఆ కాగితం రాసినవాళ్లు సగం చదివి ఆపేశారు. చదివిన సగం నిజమే. 1964లో ఈస్టర్ ద్వీపం నుంచి కెనడా బృందం తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి సురేన్ సెహగల్ అనే మన దేశపువాడు మాంట్రియల్‌లో రాపమైసిన్ తీశాడు. ద్వీపం పేరు రాపా నుయి, మందుకు ఆ పేరే. అది పట్టుకునే ప్రొటీనే ఎంటార్. 2009లో ఎలుకలకు, అదీ 600 రోజుల వయసొచ్చాక మొదలుపెట్టి ఇస్తే ఆయుష్షు పెరిగింది. కానీ అది కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లకు ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే మందు. పైగా ఎలుకల్లో దీర్ఘకాలం వాడితే గ్లూకోజు అదుపు చెడింది. ఆయుష్షు పెంచేదే షుగరు చెడగొట్టింది. ఇది కాగితంలో లేదు.

ఇంకో కథ నాకు మరీ ఇష్టం. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సింథియా కెన్యన్, మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువును మందగింపజేస్తే అది రెండింతలు బతికింది. తర్వాత తేలిందేమంటే, డాఫ్-2 మన ఇన్సులిన్ గ్రాహకానికి ఆ పురుగులోని రూపం. కేక తగ్గితే ఆయుష్షు పెరిగింది, దానికి డాఫ్-16 అనే ఇంకో జన్యువు ఉండి తీరాలి. ఆ డాఫ్-16 ఎవరనుకున్నారు? ఫాక్సోనే. పురుగు కణాల్లో కేంద్రకంలోకి చేరి మరమ్మతులు చేయించి ఆయుష్షు పోసే ప్రొటీన్ తాలూకు చుట్టమే, తెల్లవారుజామున నా కాలేయంలో కూర్చుని చక్కెర వండుతోంది. దాన్ని ఆన్ చేసుకోవాలా, ఆఫ్ చేసుకోవాలా? ఏ అవయవంలో, ఏ వేళప్పుడు? రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయల గుళిక ఆ తేడా ఎలా తెలుసుకుంటుందని ఆ అమ్మాయినే అడిగాను. "మా సీనియర్‌ను కనెక్ట్ చేస్తాను మేడం" అంది. ఇంకా చేయలేదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. బిళ్లకు నాలుగు, యాప్‌కు మూడు, కోచ్‌కు సున్నా కలిపి సగటు తీస్తే అంతకన్నా తక్కువే వస్తుంది గానీ, సంగటి నిజం చెప్పినందుకు కాస్త పెంచాను. నాలాగా మాత్రల మీదున్నవాళ్లు ఒక్కటంటే ఒక్కటి కొనండి. పద్నాలుగు రోజులూ ఒక నోటుబుక్కులో ఏం తిన్నారో, ఎంత నడిచారో రాసుకోండి. నెలనెలా కొనడం దండగ. మాత్ర మార్చడం, మానడం గీతను చూసి మీరే చేయకండి, ఆ నోటుబుక్కు డాక్టరుకు చూపించండి. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకునేవాళ్లకు కొన్ని బిళ్లలు తప్పు అంకె చూపుతాయి, కాగితం చదువుకోండి. సంగటి నేను మానలేదు. రెండు ముద్దలు ఒకటైంది, బియ్యం వాటా తగ్గింది, రాగులు కాస్త బరకగా మర పట్టిస్తున్నా.

రెండో బిళ్ల మిగిలిపోయింది. మా ఆయన పీచు మనిషి, బక్కపలచన. "నాకేం రోగం" అనేవారు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యూడ్‌కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క) 22.3 ఒకటే అయినా, ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యూడ్‌కిన్‌కు 9.1 శాతం ఉందని 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫోటో ఫోన్లో చూపించాను. బక్కపలచని భారతీయుడి కథ అది. చూసి నవ్వారు. గడువు తేదీ దగ్గరపడిందని, పారేయడం ఎందుకని, జబ్బ చాపారు. నిన్న చుట్టాలింట్లో నాలుగు ఓళిగలు నెయ్యితో తినొచ్చారు. 209. గంటన్నరైనా దిగలేదు.

"మిషను చెడిపోయింది" అన్నారు. వేలు పొడిచాను, 201. ఈ బిళ్లతో రోగం నిర్ధారించకూడదు, దానికి ల్యాబు పరీక్షే చేయించాలి. రేపు పొద్దున పరగడుపున రక్తం ఇవ్వడానికి వెళ్తున్నాం. ఇప్పుడే వచ్చి అడిగారు, "కాఫీ తాగిపోవచ్చా? చక్కెర లేకుండానే?"